మన ఊరిది ఏ జిల్లా? ముందు ఏడాది చెప్పండి

దెందులూరు వైపు ఒక రైతు కుటుంబం ఉందనుకోండి. ఇంట్లో ఒకే పొలానికి సంబంధించిన పాత దస్తావేజులు మూడున్నాయి. ముత్తాత 1890లో రాయించుకున్న దస్తావేజులో గోదావరి జిల్లా అని ఉంది. తాత 1915లో రాయించుకున్న దాంట్లో కృష్ణా జిల్లా అని ఉంది. తండ్రి 1960లో రాయించుకున్న దాంట్లో పశ్చిమ గోదావరి జిల్లా అని ఉంది. ఇప్పుడు మనవడు అదే పొలానికి కాగితం తీయిస్తే ఏలూరు జిల్లా అని వస్తుంది.

మనవడికి అనుమానం వచ్చింది. ఇవన్నీ మన పొలం కాగితాలేనా? లేకపోతే ఏదో ఒకటి తప్పా?

ఏదీ తప్పు కాదండీ. పొలం అంగుళం కూడా కదల్లేదు. అదే గట్టు, అదే బోదె, అదే డొంక. కదిలింది జిల్లా గీత. రాజధానుల్లో కూర్చున్నవాళ్ళు గీత చెరిపి మళ్ళీ గీసినప్పుడల్లా ఊరి చిరునామా మారింది.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. పాత కాగితం వెతికేటప్పుడు, ఊరు ఏ జిల్లాలో ఉంది అని ముందు అడక్కండి. ఆ కాగితం ఏ ఏడాదిది అని ముందు అడగండి. ఏడాది తెలిస్తే జిల్లా తెలుస్తుంది. జిల్లా తెలిస్తే ఆఫీసు తెలుస్తుంది. ఆఫీసు తెలిస్తే కాగితం దొరికే దారి తెలుస్తుంది.

మన ఇళ్ళల్లో ఆడపిల్లకి పెళ్ళయితే ఇంటిపేరు మారుతుంది కదా. ఆవిడ పదో తరగతి సర్టిఫికెట్ కావాలంటే అత్తింటి పేరుతో వెతికితే దొరకదు. పుట్టింటి పేరుతో వెతకాలి. మనిషి ఆవిడే, పేరు వేరు. ఊరి సంగతీ అంతే.

సరే, ఏలూరు చుట్టుపక్కల ఊళ్ళకి ఇన్ని ఇంటిపేర్లు ఎలా వచ్చాయో చూద్దాం. నెమ్మదిగా చెబుతాను. వీలుంటే ఒక చీటీ మీద రాసుకోండి.

నవాబుల కాలంలో ఇది ఏలూరు సర్కారు. ఉత్తర సర్కారుల్లో ఒకటి. 1760లలో ఈ సర్కారులు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాయి. చాలాకాలం మచిలీపట్నంలో ఉన్న కంపెనీ పెద్దలే వీటి వ్యవహారం చూశారు. 1794లో కలెక్టర్లు వచ్చారు. ఆ తర్వాత ఈ ప్రాంతం కొంత మచిలీపట్నం జిల్లా కింద, కొంత రాజమండ్రి జిల్లా కింద నడిచింది.

1859లో పెద్ద మార్పు వచ్చింది. పాత జిల్లాలను కలిపి, విడగొట్టి, గోదావరి జిల్లా అని ఒకటి, కృష్ణా జిల్లా అని ఒకటి చేశారు. ఏలూరు తాలూకా గోదావరి జిల్లాలో పడింది. కాలువలు వచ్చిన కొత్త అది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఏలూరు కాలువ పారింది. పొలాల విలువ పెరిగింది. విలువ పెరిగాక సర్వేలు, శిస్తు లెక్కలు, దస్తావేజులు ఎక్కువయ్యాయి. మన ఇళ్ళల్లో పాత కాగితాలు చాలావరకు ఈ కాలం నుంచే కనబడతాయి.

1904లో రెండో మార్పు. గుంటూరును వేరే జిల్లా చేశారు. అలా తగ్గిన కృష్ణా జిల్లాకి గోదావరి పడమటి వైపు తాలూకాలు ఇచ్చారు. ఏలూరు, తణుకు, భీమవరం, నరసాపురం ఇవన్నీ కృష్ణా జిల్లాలోకి వచ్చాయి.

1925లో మూడో మార్పు. కృష్ణా జిల్లాని మళ్ళీ విడగొట్టి పశ్చిమ గోదావరి జిల్లా చేశారు. ఏలూరు జిల్లా కేంద్రం అయింది.

2022 ఏప్రిల్ 4న నాలుగో మార్పు. ఏలూరు జిల్లా పుట్టింది.

మళ్ళీ ఒకసారి చెబుతాను. 1859 నుంచి 1904 దాకా గోదావరి జిల్లా. 1904 నుంచి 1925 దాకా కృష్ణా జిల్లా. 1925 నుంచి 2022 దాకా పశ్చిమ గోదావరి జిల్లా. ఆ తర్వాత ఏలూరు జిల్లా. ఇది ఏలూరు పాత తాలూకా ఊళ్ళ లెక్క.

ఇక 2022 మార్పు దగ్గర కాస్త ఆగుదాం. ఎందుకంటే ఇది అందరికీ ఒకేలా తగల్లేదు.

ఏలూరు వాళ్ళకి జిల్లా పేరు మారింది. కలెక్టరాఫీసు ఉన్న ఊరు మారలేదు. తాడేపల్లిగూడెం వాళ్ళకి సరిగ్గా దీనికి తలకిందులు. జిల్లా పేరు అదే, పశ్చిమ గోదావరి. కలెక్టరాఫీసు మాత్రం ఏలూరు నుంచి భీమవరం పోయింది. కైకలూరు వాళ్ళకి పేరూ మారింది, కేంద్రమూ మారింది. అప్పటిదాకా కృష్ణా జిల్లా, మచిలీపట్నం. ఆ రోజు నుంచి ఏలూరు జిల్లా, ఏలూరు.

కాబట్టి పేరు మారలేదు కదా, అన్నీ ఉన్నచోటే ఉంటాయిలే అనుకోకూడదు. పెంటపాడు వైపు రైతుకి 1970 నాటి జిల్లా స్థాయి ఉత్తర్వు కావాలనుకోండి. కాగితం మీద పశ్చిమ గోదావరి అని ఉంటుంది. కానీ ఆ ఉత్తర్వు పుట్టింది ఏలూరు కలెక్టరాఫీసులో. భీమవరం వెళ్ళి లేదనిపించుకుని వెనక్కి రావడం కన్నా, ఆ ఏటి ఫైళ్ళు ఇప్పుడు ఎక్కడున్నాయని ముందే అడగడం మేలు.

జిల్లా సంగతి అయింది. ఇప్పుడు దాని కింద మెట్టు. మనకి బాగా గుర్తున్న మార్పు ఇది. 1985 మే నెలలో తాలూకాలు పోయాయి, మండలాలు వచ్చాయి. ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం తెచ్చిన మార్పు. పాత ఏలూరు తాలూకా ఊళ్ళు ఏలూరు, దెందులూరు, పెదపాడు వంటి మండలాల్లోకి సర్దుకున్నాయి. తాలూకాఫీసుకి బస్సెక్కి పోయే రైతుకి ఆఫీసు దగ్గరైంది. కానీ పాత దస్తావేజులో మాత్రం తాలూకా పేరే ఉంటుంది. 1985కి ముందు కాగితంలో మండలం పేరు వెతక్కండి. ఉండదు.

ఇంకో చిక్కు ఉంది. కొన్ని పాత కాగితాల మీద ఇంగ్లీషు సంవత్సరం ఉండదు. ఫసలీ అని ఉంటుంది. శిస్తు రసీదుల మీద, ఊరి పొలాల లెక్క రాసే అడంగళ్ళ మీద ఇదే లెక్క. ఫసలీ జులై 1న మొదలై జూన్ 30తో అయిపోతుంది. దానికి 590 కలపండి. వచ్చింది, ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం. ఫసలీ 1330 అని ఉందనుకోండి. 590 కలిపితే 1920. అంటే 1920 జులై నుంచి 1921 జూన్ దాకా. అప్పుడు ఏలూరు ఏ జిల్లాలో ఉంది? ఇందాక రాసుకున్న చీటీ చూడండి. కృష్ణా జిల్లా.

చూశారా, ఒక్క అంకెతో దారి దొరికింది.

అసలు ఊళ్ళో ఈ కాగితాలు రాసింది ఎవరు? మునసబు, కరణం. పెద్దవాళ్ళకి ఈ మాటలు చెవిన పడగానే చావడి గుర్తొస్తుంది. మునసబు శిస్తు వసూలు చేసేవాడు. ఊరి శాంతిభద్రతలు చూసేవాడు. 1816 నాటి కంపెనీ చట్టం ఆయనకి చిన్న చిన్న బాకీ తగాదాలు తీర్చే అధికారం కూడా ఇచ్చింది. కరణం లెక్క రాసేవాడు. తలారి కాపలా. వెట్టి దండోరా వేసి కబురు చెప్పేవాడు. కాలువల కింద ఊళ్ళల్లో నీరు పెట్టడానికి నీరుగంటి ఉండేవాడు.

కరణం రాసే అడంగల్ ఒకసారి దగ్గరగా చూద్దాం. పొడుగాటి పుస్తకం. ఒక్కో పొలానికి ఒక్కో వరస. ముందు సర్వే నెంబరు. పక్కన విస్తీర్ణం, ఎకరాలు, సెంట్లు. తర్వాత మెట్టా, మాగాణా. తర్వాత శిస్తు. తర్వాత పట్టాదారు పేరు. ఆ పక్కన సాగు చేస్తున్నవాడి పేరు. ఈ రెండు పేర్లూ ఒకటే కానక్కర్లేదు. ఆ తర్వాత ఏ పైరు వేశారు, నీళ్ళు ఏ కాలువవి. ఏటేటా ఇదే వరస. పదేళ్ళ అడంగళ్ళు పక్కపక్కన పెట్టి చదివితే పొలం ఎవరి పేరున ఉందో, ఎవరు దున్నుతున్నారో, ఎప్పుడు మారిందో బోధపడుతుంది. కరణం చేతిలో ఇంత బలం ఉండేది కాబట్టే ఊళ్ళో ఆయనంటే భయమూ ఉండేది, గౌరవమూ ఉండేది.

ఈ పదవులు వంశపారంపర్యం. 1895 నాటి మద్రాసు చట్టం దాన్ని కాగితం మీద ఖాయం చేసింది. తండ్రి తర్వాత కొడుకు. స్వతంత్రం వచ్చాక ఇది నిలవలేదు. పుట్టుకను బట్టి ప్రభుత్వోద్యోగం ఇవ్వడం రాజ్యాంగానికి విరుద్ధమని, 1960ల మొదట్లో, గుంటూరు జిల్లా మునసబు పదవి తగాదాలో సుప్రీంకోర్టు తేల్చింది. చివరికి 1984 జనవరి 6న ఒక్క ఆర్డినెన్సుతో మునసబు, కరణం పదవులు రద్దయ్యాయి. లెక్కల పుస్తకాలు ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. ఆ తర్వాత ఊరికి రకరకాల పేర్లతో గ్రామాధికారులు వచ్చారు. ఇప్పుడు మనకి వి.ఆర్.ఓ. అనే మాట అలవాటు.

కాబట్టి ఇక్కడ కూడా ఏడాదే ముఖ్యం. 1984కి ముందు రాత మునసబు, కరణాలది. తర్వాతది ఉద్యోగులది.

ఇంకో మాట కూడా అడగాలి. మీ ఊరు జమీందారీయా, రైత్వారీయా? 1802లో కంపెనీ శాశ్వత శిస్తు పద్ధతి తెచ్చింది. చాలా ఊళ్ళు జమీందార్ల కిందకి పోయాయి. నూజివీడు జమీందారీ మీ అందరికీ తెలిసిందే. రైత్వారీ ఊళ్ళో రైతు శిస్తు సర్కారుకి నేరుగా కట్టాడు. జమీందారీ ఊళ్ళో జమీందారుకి కట్టాడు. అందుకే జమీందారీ ఊళ్ళ పాత లెక్కలు అన్నీ తాలూకాఫీసులో దొరక్కపోవచ్చు. ఎస్టేటు కచేరీలో నడిచిన వ్యవహారం అది. 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దై, ఆ ఊళ్ళు రైత్వారీలోకి వచ్చాయి. సర్కారు సర్వే చేసి, సెటిల్‌మెంటు చేసి, పట్టాలిచ్చింది.

ఇంతవరకు మనం చెప్పుకున్నది భూమి దారి. రెవెన్యూ దారి. ఊరికి ఇంకో దారి కూడా ఉంది. అది పంచాయతీ దారి. ఈ రెంటినీ కలిపేసుకుంటేనే మనం ఆఫీసుల చుట్టూ తిరుగుతాం.

రోడ్డు, దీపం, మంచినీళ్ళు, ఇంటి పన్ను, ఇవి పంచాయతీవి. ఈ దారి వయసులో భూమి దారి కన్నా చిన్నది. ఏలూరు పట్నానికి మునిసిపాలిటీ 1866లోనే వచ్చింది. పల్లెలకి ఆలస్యం అయింది. 1884లో మద్రాసు స్థానిక బోర్డుల చట్టం వచ్చింది. జిల్లా బోర్డు, తాలూకా బోర్డు, కొన్ని ఊళ్ళు కలిపి యూనియన్. 1920లో గ్రామ పంచాయతీల చట్టం వచ్చింది. 1959 నవంబరు నుంచి పంచాయతీ సమితి, జిల్లా పరిషత్తు. సమితి ప్రెసిడెంటు అంటే ఆ రోజుల్లో ఎంత దర్జానో పెద్దవాళ్ళని అడగండి. 1980ల నడుమ సమితులు పోయి మండల పరిషత్తులు వచ్చాయి. 1994లో ఇప్పటి పంచాయతీరాజ్ చట్టం. 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ సచివాలయం.

అంటే తాలూకా రెవెన్యూది. సమితి పంచాయతీది. రెండు హద్దులూ అన్నిచోట్లా ఒకటి కాదు. 1985లో మండలం వచ్చాక ఈ రెండూ ఒకే హద్దులోకి వచ్చాయి. పొలం పట్టా కావాలంటే రెవెన్యూ దారి పట్టండి. ఇంటి పన్ను రసీదు కావాలంటే పంచాయతీ దారి పట్టండి. రెండు దార్లకీ మొదటి ప్రశ్న ఒకటే. ఏ ఏడాది?

ఇప్పుడు కొల్లేటికి వద్దాం. అక్కడ కథ ఇంకా చిక్కు.

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వచ్చి కలుస్తాయి. ఉప్పుటేరు గుండా నీళ్ళు సముద్రానికి పోతాయి. 1925 నుంచి 2022 దాకా ఈ ఒక్క సరస్సు మీద రెండు జిల్లాలున్నాయి. గుడివాకలంక, ప్రత్తికోళ్ళలంక పశ్చిమ గోదావరి. పెద్దింట్లమ్మ గుడి ఉన్న కొల్లేటికోట కృష్ణా జిల్లా. దోనె మీద దాటే దూరమే. కానీ ఒకరి అర్జీ ఏలూరు పోవాలి, ఇంకొకరిది మచిలీపట్నం. ఒడ్డు మీద వియ్యంకులకి కూడా జిల్లాలు వేరు.

2022లో కైకలూరు వైపు ఊళ్ళు కూడా ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. సరస్సులో చాలా భాగం ఒకే కలెక్టరు కిందకి చేరింది. ఆకివీడు వైపు మాత్రం పశ్చిమ గోదావరిలోనే ఉంది.

ఇది కాక కొల్లేటికి ఇంకో గీత ఉంది. 1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు. హద్దు ఏమిటి? ఊరి పొలిమేర కాదు, మండలం గీత కాదు. అయిదో కాంటూరు. సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు దాకా ఉన్న నేల. సుమారు 308 చదరపు కిలోమీటర్లు. వానాకాలం నీళ్ళు నిండితే ఆ గీత నీళ్ళ అడుగున ఉంటుంది. ఎండాకాలం బయటపడుతుంది. ఆ గీత లోపల సర్కారు ఇచ్చిన డి-ఫారం పట్టాలూ ఉన్నాయి, సొంత జిరాయితీ భూములూ ఉన్నాయి. అంటే ఒకే చెక్క నేల గురించి రెవెన్యూ వారు మాట్లాడాలి, అటవీ శాఖ వారు మాట్లాడాలి. పంచాయతీ సంగతి సరేసరి. అందుకే లంక గ్రామాల వాళ్ళకి రెండు ఏళ్ళు గుర్తుండాలి. ఒకటి, పట్టా ఏ ఏడాదిది. రెండు, 1999. పట్టా ఆ ఏడాదికి ముందుదా, తర్వాతదా అన్నది మొదట తేల్చుకుని ఆఫీసుకి వెళ్ళండి.

ఊరిని పెద్ద హద్దుతో కలిపి రాయడం కొత్త అలవాటేమీ కాదు. కొల్లేటి దగ్గర శాలంకాయన రాజు నందివర్మ రాగిరేకుల శాసనం దొరికింది. సుమారు పదిహేను వందల ఏళ్ళ నాటిది. అప్పటి రాజధాని వేంగి, అంటే మన పెదవేగి. ఆ శాసనంలో రాజు ఒక పల్లె జనానికి ఆజ్ఞ చెప్పాడు. పల్లె పేరుతో పాటు అది ఏ విషయంలో ఉందో కూడా చెప్పాడు. విషయం అంటే అప్పటి జిల్లా అనుకోవచ్చు. ఆ రేకులు చదివిన పండితులు కూడా ముందు అదే చూశారు. కాలం ఏది, విషయం ఏది.

ఈ గీతలు మారే చిక్కు మన ఒక్కళ్ళ బాధ కూడా కాదు. ఇంగ్లండులో పల్లెకి పారిష్ అని పేరు. ఒకప్పుడు చర్చి దగ్గర జరిగే సభే ఊరి వ్యవహారం అంతా చూసేది. 1601 చట్టం నుంచి బీదవాళ్ళ పోషణ కూడా పారిష్ బాధ్యతే. 1894లో చట్టం తెచ్చి చర్చి పని చర్చికి, ఊరి పని ఎన్నికైన పారిష్ కౌన్సిలుకి విడగొట్టారు. 1974లో అక్కడ కూడా జిల్లాల గీతలు మార్చారు. ఆబింగ్‌డన్ అనే ఊరు బర్క్‌షైర్ నుంచి ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోకి పోయింది. ఆ ఊరి పాత లెక్కలు వెతికేవాళ్ళు ఇప్పటికీ బర్క్‌షైర్ రికార్డుల వంక చూడాల్సిందే. మన తాడేపల్లిగూడెం రైతు ఏలూరు వంక చూసినట్టే.

సరే, ఇక ఆచరణలో ఏం చేయాలి?

కాగితం చేతికి తీసుకోగానే ముందు తేదీ చూడండి. ఫసలీ ఉంటే 590 కలపండి. ఆ తర్వాత అప్పటి జిల్లా, తాలూకా పేర్లు ఒక తెల్ల కాగితం మీద రాయండి. తర్వాత సర్వే నెంబరు. ఇక్కడ జాగ్రత్త. పాత సర్వే నెంబరు వేరు, రీసర్వే నెంబరు వేరు. మన దస్తావేజుల్లో ఆర్.ఎస్. నెంబరు అని రాస్తారే, అది రీసర్వేది. 2020 డిసెంబరులో మొదలైన కొత్త సర్వే పూర్తయిన ఊళ్ళల్లో ఎల్.పి.ఎం. నెంబరు అని ఇంకోటి ఇస్తున్నారు. కొత్త నెంబరు వచ్చింది కదా అని పాత నెంబరు మర్చిపోకండి. పాత కాగితానికి తాళంచెవి పాత నెంబరే.

మరీ పాత సంగతులు కావాలనుకునేవాళ్ళకి ఒక మాట. 1953 దాకా మనం మద్రాసు కింద ఉన్నాం. రెవెన్యూ బోర్డు పెద్ద ఉత్తర్వులు, పాత జిల్లాల రికార్డులు చెన్నైలో ఎగ్మూరు దగ్గర ఉన్న ఆర్కైవ్స్‌లో చాలా ఉన్నాయి. ఊరి చరిత్ర రాయాలనుకునే ఉపాధ్యాయులు, కాలేజీ పిల్లలు ఆ దారి మర్చిపోవద్దు.

సర్పంచులకీ, సచివాలయ సిబ్బందికీ ఒక విన్నపం. మీ పంచాయతీ గోడ మీద ఒక చిన్న బోర్డు రాయించండి. మన ఊరు ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా ఏ జిల్లా, ఏ తాలూకా, ఏ సమితి, ఏ మండలం. జమీందారీయా, రైత్వారీయా. నాలుగైదు పంక్తులు చాలు. మీ ఊళ్ళో పదవులు చేసిన పెద్దవాళ్ళు ఇంకా కొందరు ఉండొచ్చు. వాళ్ళని కూర్చోబెట్టి అడిగి, కాగితాలతో సరిచూసి రాయండి. ఖర్చు పెయింటు డబ్బాకి మించదు. బ్యాంకు లోనుకో, కోర్టు పనికో, వారసత్వం పంపకాలకో తిరిగే రైతుకి ఎన్నో బస్సు ఛార్జీలు మిగులుతాయి.

మరొక్కసారి చెప్పి ముగిస్తాను. ముందు ఏడాది. తర్వాత జిల్లా, తాలూకా. ఆ తర్వాతే ఆఫీసు. రేపు మీరు ఏ కాగితం కోసం బయల్దేరినా, గుమ్మం దాటకముందే ఈ మూడూ చీటీ మీద రాసుకోండి.